ఈకగాలం లచ్చమ్మ

లచ్చమ్మ గాలపు కర్రను విరగ్గొట్టింది పోలీసులు కాదు, చెరువుల కాంట్రాక్టరూ కాదు. సొంత మరిది సైదులు. మోకాలికి ఆనించి చెరుకుగడను విరిచినట్టు విరిచి, రెండు ముక్కల్నీ మూసీలోకి విసిరేశాడు.

"ఆడది గాలం పడితె గంగమ్మ అలుగుతదని నీ అయ్య జెప్పలేదా వదినె?"

"గంగమ్మ ఏమన్న మొగోడా సైదులూ, నన్ను జూసి అలిగెటందుకు?"

సైదులు వెనక నిలబడ్డ మత్స్య సంఘం మనుషులు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే ఆమె కొంప ముంచింది. కోపమొచ్చిన మగవాణ్ణి తట్టుకోవచ్చు. నలుగురిలో నవ్వులపాలైన మగవాణ్ణి తట్టుకోవడం కష్టం. సైదులు ఆమె బుట్టను కాలితో తన్నాడు. పట్టిన చేపలన్నీ మడుగులో పడి చెల్లాచెదురయ్యాయి.

మడుగంటే నాగోలు వంతెనకు దిగువన, ఒక పెద్ద బండ చుట్టూ తిరిగి మూసీ కాసేపు ఆగే చోటు. ఎండాకాలం అక్కడ ముక్కు మూసుకోకుండా నిలబడలేం. చలికాలం మాత్రం నగరం పొద్దున్నే చేసిన స్నానాల వెచ్చదనమంతా మోరీల గుండా అక్కడికే చేరుతుంది. నీళ్ల మీద ఆవిరి లేస్తుంది. పొద్దు వాలితే దోమలు పొగలాగా ఆడతాయి. చలికి మొద్దుబారి రాళ్ల సందుల్లోకి దిగిన చేప వానపామును మూతి ముందు పెట్టినా కదలదు. వల వేస్తే బండలకు, గుర్రపుడెక్కకు తగులుకుని చిరుగుతుంది. ఆ దోమల వేళ మాత్రం చేప పైకి లేస్తుంది.

లచ్చమ్మ తండ్రి రామస్వామిది నల్గొండ వైపు మూసీ ఒడ్డునే ఒక పల్లె. కొడుకులు లేనందువల్ల, వేరే గతిలేక, కూతురికి ఈకగాలం నేర్పాడు. ఎర్రపుంజు మెడ మీది సన్నని ఈకను నల్లదారంతో గాలానికి చుట్టి మైనం రుద్దాలి. బెండు ఉండదు, సీసం ఉండదు. తంగూసు దారం కొసన ఈక ఒక్కటే. దోమ కాలు ఆనించినట్టు దాన్ని నీటి మీద ఆనించి, చేప కొట్టేలోపు లాగి, మళ్లీ ఆనించాలి. చేపకు కోపం రావాలి. "ఈకను కొట్టిన చేపనే తినాలె బిడ్డా. చలికాలంల ఊకెనే పైకొచ్చి తేలే చేపను గద్దలకు ఇడిశిపెట్టాలె" అనేవాడు.

పడేవన్నీ పరకలు, జిలేబీ చేపలు, ఎప్పుడన్నా ఒక బంగారుతీగ. ముళ్లు ఎక్కువ, గిరాకీ తక్కువ. తెచ్చినవి వెంటనే అమ్మేది కాదు. మన్సూరాబాద్ బస్తీలోని తన రేకుల ఇంటి ముందు గోళెంలో బోరునీళ్లు నింపి, వాటిని అందులో వదిలేది. నీళ్లు మారుస్తూ, చేప కడుపులోంచి మూసీ అంతా కక్కేదాకా ఆగేది. ఆ తర్వాతే సరూర్‌నగర్‌లో ఒక కాలనీ గోడ పక్కన కూర్చుని అమ్మేది.

ఆమె భర్త మట్టయ్య మత్స్య సంఘంలో సభ్యుడు. వల మీద బతుకు గడవక సెంట్రింగు పనికి పోయి, అపార్టుమెంటు స్లాబు మీంచి పడి చచ్చిపోయాడు. పాడె లేవకముందే సంఘం పెద్దలు కూర్చుని అతని సభ్యత్వాన్ని తమ్ముడు సైదులుకు రాసేశారు. ఇంటికి మగదిక్కు అతనే గనక. పట్టేది మగవాళ్లు, అమ్మేది ఆడవాళ్లు, ఇదీ కులం కట్టు. పొద్దుటినుంచీ చేపల గంపను నెత్తిన మోసే ఆడదానికి నీళ్ల మీద మాత్రం హక్కు లేదు. సంఘం కార్డు ఉన్నవాడు బండ మీద కాలు చాపుకుని కూర్చుంటాడు. లేని లచ్చమ్మ గుర్రపుడెక్క చాటున దొంగలాగా నిలబడేది. ఆమెకు కావలసింది ఆ కార్డు. ఇంకేమీ కాదు.

ఆ చలికాలంలోనే తెలంగాణ లేచింది.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో విజయవాడ బస్సులు ఆగిపోయాయి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల షట్టర్లు దిగాయి. రోడ్డు పక్కన టెంట్లు, టెంట్లలో రిలే దీక్షలు, డప్పులు, గులాల్. అది న్యాయమైన ఆకలి. అబద్ధపు ఆకలి అయితే పుస్తకాలు పక్కనపెట్టి పిల్లలు ప్రాణాలు తీసుకునేవాళ్లు కాదు. ఆ ఆకలి అడిగిన వాటిలో మొదటి మాట నీళ్లు. లచ్చమ్మ ఆ మాటను ఉన్నదున్నట్టుగా నమ్మింది. నీళ్లు మనవైతే మడుగు తనదీ అవుతుంది కదా. ర్యాలీ అంటే చాలు, గంప దించి పోయేది. పక్కింటి అరుణమ్మ కూడా ఆమెతోనే.

అరుణమ్మ మున్సిపాలిటీ కాంట్రాక్టులో రోడ్లు ఊడ్చేది. చీపురుకే జెండా కట్టుకుని ర్యాలీకి వచ్చేది.

"తెలంగాణ ఒస్తె నాకు పర్మినెంటు, నీకు కార్డు. ఇద్దరం దొరసానులమైతం గదనే?"

"దొరసానివైతె చీపురెవరు పడతరే?"

"మహేందర్ పడతడు తియ్! ఊడ్శుడు నేర్పుత."

మహేందర్ అంటే చౌరస్తా కమిటీ కన్వీనర్. నిన్నటిదాకా ప్లాట్ల బేరాలు చేసినవాడు. నాలుగు కాలనీల జనం అతని వెనక ఉన్నారు. మత్స్య సంఘం పెద్దలు కూడా అతని మాట దాటరు.

బందు వల్ల కోస్తా నుంచి ఐసు చేపల లారీలు రావడం ఆగింది. కర్ర విరగకముందు పట్టి లచ్చమ్మ గోళెంలో ఉంచిన ముళ్లచేపలకు ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. కాలనీలో ఉండే ఇందిరాదేవి అనే కోస్తా ఆవిడ కూడా గోడ దగ్గరికి వచ్చి, ముక్కుకు కొంగు అడ్డుపెట్టుకుని అడిగింది.

"ఇవి మూసీవి కాదు కదమ్మా?"

"మూసీవేనమ్మా. కడిగి, కక్కిచ్చి తెచ్చిన."

"అయ్యబాబోయ్, వద్దులే. బందు అయ్యేదాకా పప్పు తింటాం."

ఆవిడ వెళ్లిన కాసేపటికి మహేందర్ కారు ఆగింది. వెంట సైదులు. చౌరస్తాలో వంటావార్పు పెడుతున్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని, రాకపోకలు ఆపే నిరసన. దానికి మహేందర్ ఒక ఆలోచన చేశాడు.

"అక్కా, అందరు వండే అన్నం పప్పే మనం గూడ వండితె టీవోళ్లు ఎందుకొస్తరు? ఐసు చేప బందువెట్టినం. మన నది చేప వండి సూపెడదం. మన నీళ్లు, మన చేప!"

"నాకెందుకు జెప్తున్నవన్నా? సంఘపోళ్లకు జెప్పు."

"జెప్పిన. వల జింపుకోనొచ్చిండ్రు." మహేందర్ సైదులును చూసి నవ్వాడు. సైదులు నేల చూశాడు. "చలికాలం నీ ఈకకే పడతయంట గద?"

"నా కర్ర ఇరగ్గొట్టిండు. అడుగు గాయన్ని."

"కొత్త కర్ర సైదులే తెచ్చిస్తడు. నువ్వు చేప తే. వంటావార్పు అయినంక సభల, అందరి ముంగట, సంఘం కార్డు నీ చేతుల వెడత. తెలంగాణల మొట్టమొదటి ఆడమనిషి కార్డు నీదే."

మహేందర్ పని ఉంటే అక్కా అంటాడు, పని అయ్యాక ఏ లచ్చమ్మా అంటాడు. ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఒప్పుకుంది.

వారం తిరిగేదాకా సాయంత్రాలన్నీ ఆమె బండ మీదే గడిపింది, చాటున కాదు. వేళ్లు చలికి కొంకర్లు పోయాయి. దోమలు మొహాన్ని పుండు చేశాయి. ఈక నీటి మీద ఆనింది, లేచింది, ఆనింది. చేప విసుక్కుని కొట్టింది. గోళెం నిండింది. అరుణమ్మ రోజూ వచ్చి అందులోకి తొంగిచూసి, నోరు ఊరుతున్నట్టు చప్పరించేది.

"ఒక్కటి ఇయ్యరాదే. ఎవరు లెక్కవెడతరు?"

"వంటావార్పుకే ఇవి. ఆ దినం కడుపునిండ పెడతగా."

"కడుపునిండ పెట్టకపోయినవో, మైకుల జెప్త నీ సంగతి!"

వంటావార్పు నాడు చౌరస్తాలో ఇసుక పోస్తే రాలనంత జనం వచ్చారు. మూడు రాళ్ల పొయ్యిలు వరసగా అంటుకున్నాయి. లచ్చమ్మ తన చేపల్ని చీరి, పసుపూ ఉప్పూ పట్టించి పెట్టింది. అప్పుడు సైదులు ట్రాలీ ఆటోలో గోతాలు దించాడు. ఒక్కో బొచ్చె చేప చెయ్యంత పొడుగు.

"గివేడివి?"

"మూసీవే. పొద్దున మన మడుగు కిందనే దొరికినయి. ఊకెనే పైకి తేలుతున్నయి వదినె, చేత్తోటే పట్టినం. వల గూడ అక్కరలే. నీ ఈకకు దండం!"

లచ్చమ్మ ఒకదాని మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉండాల్సింది కాఫీ పొడి రంగులో ఉంది. వేలికి జిగురు అంటింది. వాసన చూసి మొహం తిప్పుకుంది. ఏ ఫ్యాక్టరీదో ట్యాంకరు ఎవరూ లేని సమయం చూసి మూసీలో విషం దించి పోవడం ఆ ఒడ్డున అందరికీ తెలిసిన సంగతే. సైదులుకీ తెలుసు. బందు రోజుల్లో కాపలా ఎవరుంటారు?

ఆమె గోతాల్ని వదిలేసి మహేందర్ దగ్గరికి పోయింది. అతను స్టేజీ పక్కన టీవీ కుర్రాడితో మాట్లాడుతున్నాడు.

"అన్నా, గా చేపలు పనికిరావు. మందు నీళ్లల పడ్డయి. పారబొయ్యాలె."

"ఎన్ని?"

"సైదులు తెచ్చినయన్ని."

"పిచ్చిలేసిందా నీకు? గంతమంది కూసున్నరు. నీ బొడిగె చేపలు ఎంతమందికొస్తయి?"

"వచ్చినంతమందికి వస్తయి. మిగిలినోళ్లకు పప్పు పెడదం."

"చేపలని చెప్పి పప్పు పెడితె టీవీల నన్ను నవ్వులపాలు చేస్తరు." మహేందర్ గొంతు తగ్గించాడు. "జర మసాల ఎక్కువెయ్. బాగ మరిగియ్. ఏం కాదు. చూడు లచ్చమ్మా, కార్డు కావాల్నా, వద్దా?"

ఆమె వెనక్కి తిరిగి పొయ్యిల దగ్గరికి నడిచింది. అదే ఒప్పుకోలు అయింది.

రెండు గుండిగలు పొయ్యిల మీదికి ఎక్కాయి. ఆమె గాలానికి పడ్డ చేపలు చిన్న గుండిగలో, సైదులు తెచ్చిన బొచ్చెలు పెద్ద గుండిగలో. కారం, చింతపండు, అల్లం, ఇంత గరం మసాలా. చౌరస్తా అంతా ఘుమఘుమ. వడ్డించే ముందు మహేందర్ మనిషి ఒకడు వచ్చి చిన్న గుండిగను స్టేజీ మీదికి ఎత్తుకుపోయాడు. నాయకులకు, టీవీ వాళ్లకు. చేప పట్టిందెవరని టీవీ పిల్ల అడిగితే మహేందర్ సైదులు భుజం మీద చెయ్యేశాడు. "మా గంగపుత్రుడు" అన్నాడు. సైదులు కెమెరాలోకి చూసి నమస్కారం పెట్టాడు.

లచ్చమ్మకు పెద్ద గుండిగ దగ్గర గరిటె ఇచ్చారు.

వరసలో ఊడ్చేవాళ్లు, హమాలీలు, ఆటోవాళ్లు, బస్తీ ఆడవాళ్లు. ఆమె పులుసు మాత్రం పోస్తూ ముక్కల్ని అడుగునే ఉంచుతోంది. ఎవరో గొణిగారు. మరొకరు కసిరారు. అంతలో అరుణమ్మ కంచం చాపింది. పొద్దుటినుంచీ డ్యూటీ చేసి, ఏమీ తినకుండా, కడుపు ఖాళీగా ఉంచుకుని వచ్చింది.

"ఏందే, పులుసేనా? ముక్క ఎయ్."

"నీకు ముళ్లు కుచ్చుకుంటయి. ఇంటికాడ వండిపెడత, పో."

"అబ్బ! పెద్దోళ్లకు ముక్కలు, ఊడ్శెటోళ్లకు పులుసా? గిదేనా నీ తెలంగాణ?" అరుణమ్మ అందరికీ వినపడేట్టు అరిచింది. వరసంతా గొల్లుమంది. "కడుపునిండ పెడతనన్లే? మైకుల జెప్పాల్నా?"

నవ్వులు విని మహేందర్ స్టేజీ దిగి వచ్చాడు. అతని వెనక కెమెరా.

"ఎయ్ అక్కా, ఎయ్. మన అరుణమ్మకు తలకాయ ముక్క ఎయ్."

లచ్చమ్మ అరుణమ్మను చూసింది. మహేందర్‌ను చూసింది. ఒక్క మాట చాలు. ఆ మాటకు వరస మొత్తం చెదిరిపోయేది, ఆమె కార్డూ పోయేది. గరిటె అడుగుకు దింపింది. తలకాయ ముక్క కంచంలో పడింది. "గిదీ లెక్క!" అని అరుణమ్మ కెమెరాకు వేలు చూపించి నవ్వింది. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ ముక్కలు పడ్డాయి. ఒకసారి వేసిన చెయ్యి ఆగలేదు.

పొద్దు వాలకముందే వాంతులు మొదలయ్యాయి. డివైడర్ పక్కన ఒకరు, బస్టాపులో ఒకరు. ఆటోల్లో వేసుకుని దవాఖానకు పరుగెత్తారు. చాలామంది సెలైన్లు ఎక్కించుకుని బయటపడ్డారు. అరుణమ్మ రెండోసారి కూడా అడిగి తిన్నది. ఒట్టి కడుపు. నోట్లోంచి నురగ వచ్చింది. లచ్చమ్మ చేతిని పట్టుకుని ఏదో చెప్పబోయింది. నాలుక మెలిపడింది. తెల్లారేసరికి చచ్చిపోయింది.

మహేందర్ దవాఖాన వరండాలోనే తేల్చేశాడు.

"ఎవడో ఆంధ్ర ఐసు చేప కలిపిండు. కుట్ర. గంతే. ఎవరడిగినా గిదే మాట. సైదులూ, విన్నవా?"

"విన్ననన్నా."

"లచ్చమ్మా?"

ఆమె గోడకు తల ఆనించి కూర్చుంది.

"నిన్నే. వండింది నువ్వు. కేసయితె ఫస్టు పేరు నీదే. నన్ను కాదని బతుకుతవా? అట్లని నేనేమన్న నిన్ను ఇడిశిపెడుతున్ననా? ఆదివారం సభ. నీ కార్డు నీకొస్తది."

ఇంటికి శవం రాకముందే ఫ్లెక్సీ వచ్చింది. అరుణమ్మ ఫోటో కింద 'అమరురాలు' అని ముద్రించారు. చీపురు పట్టుకున్న ఫోటో వద్దని, చీపురు కత్తిరించి వేశారు. జెండా కప్పి, డప్పులతో, చౌరస్తా చుట్టూ తిప్పారు. బతికున్నన్నాళ్లూ ఏ రోడ్డును ఊడ్చిందో ఆ రోడ్డు మీద ఆమెకు పూలు చల్లారు. ఆ పూలు మర్నాడు ఊడ్చింది ఆమె కూతురు గీత. తల్లి స్థానంలో కాంట్రాక్టు పని ఇప్పించానని మహేందర్ మైకులో చెప్పుకున్నాడు.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలి ఉన్నట్టు. గీత లచ్చమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. ఇరవై ఏళ్ల పిల్ల. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది.

"అత్తా, అమ్మకు నీ చేతి చేప ఇష్టం. నువ్వే వండియ్యాలె."

గోళెంలో ఇంకా కొన్ని పరకలు మిగిలున్నాయి. అరుణమ్మ ఒక్కటి ఇయ్యరాదే అని అడిగినవి. లచ్చమ్మ వాటిని తీసి, చీరి, వండింది.

శ్మశానం గోడ దగ్గర విస్తరి పరిచారు. అన్నం, కల్లు, చేప. అందరూ దూరం జరిగి నిలబడ్డారు. కాకులు గోడ మీద వాలాయి, దిగలేదు. చుట్టాలు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇవ్వసాగారు. నీ బిడ్డకు పెండ్లి చేస్తం అరుణా, నీ ఇల్లు నిలబెడతం అరుణా. కాకి దిగలేదు. మహేందర్ కూడా వచ్చి, కళ్లద్దాలు తీసి, పర్మినెంటు చేయిస్తనని గట్టిగా చెప్పాడు. ఒక కాకి మెడ తిప్పి చూసి, మళ్లీ రెక్కలో ముక్కు దూర్చుకుంది.

"ఏముంచుకున్నవమ్మా కడుపుల?" గీత ఏడ్చింది. తర్వాత లచ్చమ్మ వైపు తిరిగింది. "అత్తా, నువ్వుగూడ జెప్పు. నువ్వంటే పానం గద అమ్మకు. నువ్వు జెప్తె ఇంటది."

అందరూ లచ్చమ్మను చూశారు. సైదులు చూశాడు. మహేందర్ కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

లచ్చమ్మ విస్తరి ముందుకు పోయి నిలబడింది. నోరు తెరిచింది. గోడ మీది కాకులు నోరు మూసుకున్నాయి. చేప చెడ్డదని తెలిసే పెట్టిన అరుణా, అని చెప్పవలసిన చోటు అది. చెప్పగలిగిన ఒకే ఒక్క చోటు కూడా.

"అరుణా," అంది లచ్చమ్మ. "నీ బిడ్డకు చేపకు కొదువ రానియ్య. నేనున్న."

ఒక కాకి దబ్బున దిగింది. బస్తీ కాకి, ఆకలి మీదున్నది. అన్నం వదిలేసి చేప ముక్కను ముక్కున కరచుకుని ఎగిరిపోయింది. దాని వెనకే మిగిలినవన్నీ దిగాయి.

"ముట్టింది, ముట్టింది!" అని అందరూ అరిచారు. ముసలి చుట్టం ఒకావిడ చేతులు జోడించింది. "అరుణమ్మకు ఎవరి మీద కోపం లేదు. సల్లగ పోయింది తల్లి." గీత లచ్చమ్మను పట్టుకుని ఆమె భుజం మీద ఏడ్చింది. "నీ మాటకే వచ్చింది అత్తా."

లచ్చమ్మ ఆ పిల్ల వీపు నిమిరింది.

ఆదివారం సభ జరిగింది. అరుణమ్మ ఫోటోకు దండ వేసి, కుట్రదారుల్ని తిట్టాక, మహేందర్ లచ్చమ్మను స్టేజీ మీదికి పిలిచాడు. మన నీళ్ల మీద మన ఆడబిడ్డల హక్కు అన్నాడు. కార్డు చేతిలో పెట్టాడు. లచ్చమ్మ రెండు చేతులా అందుకుంది. కింద మొదటి వరసలో, తల్లి చీర కట్టుకుని కూర్చున్న గీత, అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది.